డిక్రీ వచ్చినా కంతు ఆగదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో విడాకుల తర్వాత ఇల్లు ఎవరికి దక్కుతుందో విపులంగా రాశారు. ఆ ఇంటి మీదున్న అప్పు మాట మాత్రం ఎత్తలేదు. జనం మునిగేది అక్కడే.

ఇద్దరూ సంతకం పెట్టిన హౌసింగ్ లోను కోర్టు డిక్రీతో రెండుగా చీలిపోదు. ‘ఇల్లు ఆమెకు, కంతులు ఆయన కట్టాలి’ అని రాజీ పత్రంలో రాసుకున్నా బ్యాంకుకు పట్టదు, మొత్తం బాకీ ఇద్దరిలో ఎవరినైనా అడుగుతుంది. 30 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 27 వేలు. మొదటి నెల అందులో 22,500 వడ్డీకే పోతుంది. పంతాలకు పోయి కట్టడం మానేస్తే 90 రోజులు దాటగానే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. అప్పులు తీర్చే తీరుకు కొలమానమైన సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడిపోతుంది. తర్వాత, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, వేలం.

పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల గడువు ఉండేదే ఈ లెక్కలు తేల్చుకోవడానికి పనికొస్తుంది. దాన్ని మాఫీ చేయించుకునే తొందరలో లోను సంగతి వదిలేస్తున్నారు. ముందు బ్యాంకులో ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు (లోను పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చూపే పత్రం), సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీసుకోవాలి. ఇల్లు ఉంచుకునేవారి ఒక్క జీతం మీద లోను నిలుస్తుందా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. నిలుస్తుందంటే, రెండోవారిని లోను నుంచి తప్పించినట్టు ఉత్తరం చేతికొచ్చాకే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయాలి. చాలామంది ముందు దస్తావేజు రాసిచ్చేస్తారు. ఇంటి మీద హక్కు పోతుంది, అప్పు మెడకే వేలాడుతుంది.

నిలవదంటే అమ్మడమే. ఎప్పటిలోగా అమ్మాలి, అంతవరకు ఎవరెంత కట్టాలి అన్నది తేదీలతో రాజీ పత్రంలోకి ఎక్కాలి. తాళం వేసి ఉంచే బదులు అద్దెకిచ్చి, ఆ అద్దె నేరుగా లోను ఖాతాలో పడేట్టు చూసుకోవాలి. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) హౌసింగ్ లోను ముందే తీర్చినా పెనాల్టీ లేదు. తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చెల్లించాలి. ఇవన్నీ వదిలేసి కంతు కోసం మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసిస్తున్నారు. ఏడాదికి 36 శాతం అది! తొమ్మిది శాతం అప్పును అలా నిలబెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంత చెప్పినా కౌంటర్ దగ్గర జవాబు దొరకాలి కదా. బ్రాంచిలో రీజనల్ ఆఫీసుకు రాశామంటారు. విడిపోయినవారి మధ్య దస్తావేజుకు స్టాంపు సుంకం ఎంతో రిజిస్ట్రేషన్ వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నోటీసులేమో ఇంగ్లీషులో. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాలన ప్రజలకు దగ్గరవుతుందన్నారు, అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ దగ్గరతనం కనబడటం లేదు.

బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చాలు. ఈ రెండు సంగతులైనా కుటుంబ న్యాయస్థానాల ఆవరణలో తెలుగులో బోర్డు రాయించి పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బైరాగిపట్టెడ, తిరుపతి