పొందూరు అప్పకు ఈ మాట చేరాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగి 16 రోజులైంది. నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుని రాస్తున్నాను. నా కుడి చెయ్యి ఫోన్ పట్టుకుంటోంది, జడ వేసుకుంటోంది, నిన్న పప్పు కూడా రుబ్బబోతే మా అమ్మాయి కేకలేసింది. ఆ చెయ్యి గురించే రాస్తున్నాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. సంక్రాంతికి ఇల్లు కడుగుతుంటే కుడి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని నెల రోజులు ఊరుకున్నాను. చూపిస్తే క్యాన్సరన్నారు. గడ్డ 2.4 సెంటీమీటర్లు. చంకలో చేతికేమీ తగల్లేదు, స్కానింగ్‌లోనూ బిళ్ళలేవీ (లింఫు గ్రంథులు) ఉబ్బి లేవు, తొలి దశే అన్నారు.

మా ఆయన, పిల్లలు, మా వదిన చేసిందంతా ఇక్కడ రాయను. వాళ్ళు నా వాళ్ళు.

మొదట చూపించిన చోట మాతో మాట్లాడింది రెండు నిమిషాలు. గడ్డ తీస్తాం, చంకలో బిళ్ళలన్నీ తీసేస్తాం, ఫలానా రోజు వచ్చి చేరండి అన్నారు. ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పదో తరగతి చదివాను, కూడబలుక్కుంటే చదవగలను. 'ఆక్సిలరీ క్లియరెన్స్' అని ఉంది. అదేంటని అడిగితే "అందరికీ చేసేదేనమ్మా" అన్నారు. చంకలో బిళ్ళలన్నీ తీసేయడానికే ఆ పేరని అప్పుడు తెలియదు, సరే కదా అని సంతకం పెట్టేశాను. తర్వాత రేషన్ కార్డులో నా ఇంటిపేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవలేదని ఉచిత వైద్యానికి రావాల్సిన అప్రూవల్ ఆగిపోయింది. ఆ ఒక్క అక్షరం కోసం తొమ్మిది రోజులు తిరిగాం. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని జిరాక్స్ షాపుల చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో తిరిగినవాళ్ళకే తెలుసు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఎలాగూ ఆలస్యమవుతోంది, ఒకసారి విశాఖలో కూడా చూపిద్దామని మా ఆయన అన్నారు.

ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కి వెళ్ళాం. టోకెన్ నంబరు 63. ఆయన కాగితాల కౌంటర్ దగ్గర నిలబడితే నేను గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి. నేత చీర కట్టుకుని, కుడి చెయ్యి పైట కింద పెట్టుకుని కూర్చుంది. నేను ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను.

"ఏ ఊరమ్మా మీది?" అంది. మాట వినగానే మనోళ్ళే అని తెలిసిపోయింది. తనది పొందూరట. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిడని అప్ప అనే రాస్తాను. పదకొండేళ్ళ కింద ఇదే జబ్బు. ఏటా ఒకసారి చూపించుకోవడానికి వస్తోంది. నా కాగితం చదివించుకుని విని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చుట్టూ చూసి, పైట తొలగించి చెయ్యి బయటికి తీసింది.

భుజం నుంచి వేళ్ళదాకా వాపు. ఎడమ చేతికి రెండు నాలుగు గాజులు, కుడి చేతికి రెండు ఎనిమిది. గాజులమ్మే అతను ఆవిడ కోసం రెండు డజన్లు విప్పి, సగం సగం కలిపి ఇస్తాడట. "పట్టుకుని సూడమ్మా, బయపడకు" అంది. నేను పట్టుకోలేదు. తనే ముంజేతి మీద బొటనవేలితో నొక్కి తీసింది. పిండి ముద్ద మీద వేలు పెట్టినట్టు గుంట అలాగే ఉండిపోయింది.

చంకలో బిళ్ళలన్నీ తీసిన రెండేళ్ళకు ఈ వాపు మొదలైందట. ఊళ్ళో బోద అనుకున్నారట, పక్కన కూర్చోవడానికి కూడా జంకారట. చిన్నప్పటి నుంచి నూలు వడికిన చెయ్యి అది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు తీసిన చెయ్యి. ఇప్పుడు గంటసేపు రాట్నం దగ్గర కూర్చుంటే బరువెక్కిపోతుందట. చెయ్యి వాచే అవకాశం ఉందని, దానికి వ్యాయామాలున్నాయని, బిగుతు స్లీవ్ తొడుక్కోవాలని ఆపరేషన్ అయినప్పుడు ఎవరూ చెప్పలేదు. స్లీవ్ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

"నీకు సంకలో బిల్లలు సేతికి తగిల్నాయేటి?" అని అడిగింది. లేదన్నాను. "మరైతే అన్నీ తియ్యాలేటని అడుగు. ఇప్పుడు రెండో మూడో తీసి సూసి, మిగతావి వదిలేత్తన్నారంట. ఏటేటా వచ్చి ఇక్కడ కూకుంటన్నాను కదా, అందరి మాటలూ ఇంటన్నాను. నాకప్పుడు సెప్పినోళ్ళు నేరు."

ఆవిడ చూపించుకోవడం పదకొండు గంటలకే అయిపోయింది. వెళ్ళలేదు. నా నంబరు వచ్చేసరికి మూడున్నర దాటింది, ఆవిడ రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. మధ్యలో రెండుసార్లు టీ తెచ్చింది.

తీరా డాక్టరు గారి ముందు కూర్చుంటే నాకు నోరు పెగల్లేదు. అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. మా ఆయన కాగితాలు సర్దుతున్నారు. అప్పుడు వెనక నుంచి అప్ప లోపలికొచ్చింది. పొద్దుటి నుంచి వందమందిలో పైట కింద దాచుకున్న ఆ చెయ్యి తీసి, డాక్టరు గారి బల్ల మీద పెట్టింది. "బాబూ, ఈ పిల్లకి నా సెయ్యిలాగ అవ్వకుండా సెయ్యగలిగితే సెయ్యండి" అంది.

నేను భోరుమన్నాను. జబ్బు పేరు విన్నరోజు కూడా అంత ఏడవలేదు. ఏ రక్తసంబంధం లేదు, ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

డాక్టరు గారు విసుక్కోలేదు. ఓపీ చీటీ వెనక బొమ్మ గీశారు. రొమ్ములోంచి వచ్చే లింఫు నీరు ముందు చంకలో ఒకటి రెండు బిళ్ళలకే చేరుతుందట, వాటి తర్వాతే మిగతావాటికి. "కాలవ నీరు ముందు మొదటి మడికి వస్తుంది కదమ్మా. ఆ మడి చూస్తే కింది మళ్ళ సంగతి తెలుస్తుంది" అన్నారు. ఆపరేషన్ ముందు రొమ్ములోకి నీలి రంగు మందు ఎక్కిస్తారు. కొన్నిచోట్ల దానితో పాటు కొంచెం రేడియోధార్మిక మందు కూడా ఇచ్చి పరికరంతో వెతుకుతారు. ముందు రంగెక్కిన బిళ్ళలు మాత్రం తీసి పరీక్షకు పంపుతారు. దీన్ని సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారట. చంకంతా తీస్తే సుమారు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది, ఇలా తీస్తే ఇరవై మందిలో ఒకరికి అన్నారు.

అందరికీ కుదరదని కూడా చెప్పారు. చంకలో ముందే బిళ్ళలు తగిలి, సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలితే లెక్క వేరట. అప్ప పాత ఫైలు అడిగి తీసుకుని చూసి, "మీకప్పుడు బిళ్ళలు పైకే తెలిశాయమ్మా, తీయాల్సిందే. చెయ్యి సంగతి మాత్రం ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆవిడ తలూపింది. పదకొండేళ్ళకు ఆ ఒక్క మాట ఎవరో ఒకరు అన్నారు.

ఆపరేషన్ సంగతి పెద్దగా రాయడానికి లేదు. గడ్డ, మూడు నీలి బిళ్ళలు తీశారు. చంకలో నీరు బయటికి పోయే గొట్టం పెట్టలేదు. పక్క మంచం ఆవిడ గొట్టం బాటిల్ గుడ్డ సంచిలో వేసుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. మర్నాడు ఒంటేలు నీలంగా వస్తే మాత్రం హడలిపోయాను, అది మందు రంగేనట.

నిన్నటి రిపోర్టులో రెండు బిళ్ళల్లో ఏమీ లేదు. ఒకదాంట్లో ఉంది. ఆ మాట వినగానే కాళ్ళు చల్లబడ్డాయి. మళ్ళీ కోసి అన్నీ తీస్తారనుకున్నాను. అక్కర్లేదన్నారు. గడ్డ వరకే తీసి, రొమ్మంతటికీ రేడియేషన్ ఇచ్చేటప్పుడు, తొలి బిళ్ళల్లో ఒకటి రెండింట్లోనే క్యాన్సర్ ఉంటే చంకంతా తీయకపోయినా ఫలితం తగ్గదని అమెరికాలో 891 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనలో తేలిందట. 2011లో అచ్చయింది. పదేళ్ళు చూశాక 2017లో మళ్ళీ లెక్క చెప్పారు: మిగతా బిళ్ళలు వదిలేసినవాళ్ళలో 86.3 శాతం, తీసినవాళ్ళలో 83.6 శాతం బతికున్నారు. ఇటలీ వాళ్ళు ఇంకా ముందుకు వెళ్ళి, 2 సెంటీమీటర్ల లోపు గడ్డలో, స్కానింగ్‌లో చంక బాగుంటే అసలు చంక జోలికే పోకుండా చూశారట, అది 2023లో వచ్చింది. నా గడ్డ అంతకంటే కొంచెం పెద్దది కాబట్టి నాకు అది వర్తించలేదు. కీమో, రేడియేషన్, తర్వాత మాత్రలు, అవన్నీ ఇంకా ముందున్నాయి. భయం పోలేదు.

ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి నాకు చెప్పడానికి పొందూరు నుంచి ఒక నూలు వడికే మనిషి రైలు వదులుకుని కూర్చోవాల్సి వచ్చింది. నేను మొదట సంతకం పెట్టిన కాగితం తెలుగులో ఉంటే, 'ఇలాగా చెయ్యొచ్చు, అలాగా చెయ్యొచ్చు' అని రెండు వాక్యాలు ఉంటే ఏం పోయేది? మందులు ఉచితంగా ఇస్తున్నారు, దండం పెడతాను. మాట కూడా ఇవ్వండి.

పొందూరు, లావేరు, రణస్థలం వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, రెండు చేతులకూ రెండు సైజుల గాజులు వేసుకునే పెద్దావిడ కనిపిస్తే ఈ పిల్ల చెయ్యి బాగుందని చెప్పండి. మూడు బిళ్ళలే తీశారని చెప్పండి. స్లీవ్ ఒకటి కొని పెట్టాను, కొలత కళ్ళతో చూసిందే కాబట్టి సరిపోతుందో లేదో. ఆవిడ ఇల్లు తెలిస్తే నేనే తీసుకొస్తాను. టీ డబ్బులు కూడా ఇవ్వలేదు.

రాసేశాక గుర్తొస్తున్నారు, ఏమీ అనుకోకండి, వీళ్ళకు కూడా నా దండాలు. గడ్డ చూపించుకోమని నాలుగుసార్లు ఇంటికొచ్చిన మా ఊరి ఆశా అమ్మాయికి. ఒంటేలు రంగు చూసి నేనేడుస్తుంటే నవ్వి ధైర్యం చెప్పిన ఆయమ్మకు. స్టేషన్ నుంచి ఇంటిదాకా గతుకుల్లో పడనివ్వకుండా తెచ్చిన ఆటో బాబుకు. ల్యాబ్‌లో రిపోర్టు ఫోన్‌కి పంపిన కుర్రాడికి. డాక్టరు గారి పక్కన కూర్చుని బొమ్మ చీటీ నాకే ఇచ్చేసిన నర్సమ్మకు. అయ్యో, పదహారు రోజులుగా మా గేదెకు పాలు పితుకుతున్న ఎదురింటి పిన్నిని మర్చిపోయాను. పిన్నీ, లేచావా, వాకిట్లో దీపం వెలిగింది.