రూటర్ డబ్బా మీద వోల్టులు పెద్దగా రాయరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర పల్లె, ఊరికి దూరంగా చేనికాడే ఇల్లు, కరెంటు లైను లేదు, రెండు సోలార్ పలకలు ఒక 12 వోల్టుల బ్యాటరీ మీదే సంసారం. ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు, వెనకాల గుండు ఎక్కితే మాత్రం ఫుల్లు. అందుకే సిమ్ వేసే రూటర్ని ఆ గుండు మీద పైపుకు కట్టి, నెట్ కేబుల్ ఒక్కటే కిందికి లాగి దాంట్లోనే కరెంటు కూడా పంపిద్దాం అనుకున్నా, పీఓఈ అంటారే అది.

ఇన్వర్టర్ పెట్టి మామూలు అడాప్టర్ గుచ్చుకోవచ్చు కదా అన్నారు కొందరు. రూటర్ తినేది 5 వాట్లు, చిన్న ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంటేనే ఇంకో 8, 10 వాట్లు మింగుతుంది. రూటర్ ఒక్కటే అయితే రోజుకి బ్యాటరీలో 10 ఆంప్ అవర్లు, ఇన్వర్టర్‌తో అయితే 30 దాకా పోతాయి, ముసురు పట్టినప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

షాపులో అడిగితే డబ్బా మీద పీఓఈ అని ఉంది కదన్నా, ఏ ఇంజెక్టరైనా (నెట్ కేబుల్లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బా) పర్లేదు అని 48 వోల్టులది చేతిలో పెట్టినాడు. గుచ్చగానే టప్‌మంది, కాలిన వాసన. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే రూటర్ అడుగున చీమంత అక్షరాల్లో 10 నుంచి 28 వోల్టులు అని ఉంది!

అప్పుడు తెలిసింది పీఓఈలో రెండు జాతులని. 802.3ఏఎఫ్ అని రాసుండేది ముందు అవతల ఉన్నది ఏమిటో కనుక్కుని ఆ తర్వాతే 48 వోల్టులు ఇస్తుంది, పాసివ్ అనేది అడగదు, గుచ్చితే తోసేస్తుంది అంతే. మాలాగా బ్యాటరీ ఇల్లయితే తక్కువ వోల్టుల నుంచి పనిచేసే పాసివ్ రకమే మేలని నా లెక్క, ఎందుకంటే 48కి పెంచాలంటే ఇంకో డబ్బా కావాలి, దాంట్లో కొంత కరెంటు వేడిగా పోతుంది.

కొత్త రూటర్ కొన్నా కష్టం తీరలా. రోజూ తెల్లారుజామున ఆగి ఆగి రీస్టార్ట్ అయ్యేది, నేను సిమ్ కంపెనీని తిట్టుకుంటా ఉన్నా. ఒకరోజు టార్చి పట్టుకుని మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 11.8, గుండు మీద 10.2. మధ్యలో కేబుల్ పాతిక మీటర్లే. బ్లేడుతో తీగ గీకితే లోపల తెల్లగా ఉంది, అల్యూమినియం మీద రాగి పూత, రాగి కన్నా కరెంటుకు ఎక్కువ అడ్డం, అందుకే దారిలోనే వోల్టులు పడిపోతున్నాయి! అసలు రాగి కేబుల్ వేసి, బ్యాటరీ దగ్గర 24 వోల్టులకు పెంచే చిన్న కన్వర్టర్ పెట్టినా (48కి పెంచడం దండగ అన్నోణ్ణే, ఇది మాత్రం తప్పలేదు). వోల్టులు రెట్టింపైతే తీగలో పోయే కరెంటు సగం, నష్టం నాలుగో వంతు. ఆ రోజు నుంచి ఆగలా.

కంపెనీలు డబ్బా ముందువైపే ఎన్ని వోల్టులు తీసుకుంటుందో, పాసివా కాదా అనేది పెద్దక్షరాల్లో వేసేలా మీరు గట్టిగా రాయండి. మీ వ్యవసాయం పేజీలో సోలార్ పంపుల పక్కన ఈ కేబుల్ సంగతికి కూడా కాస్త చోటియ్యండి సార్.

- ఒక టమాటా రైతు, మదనపల్లె