బురదలోని కరెంటు

అమ్మా చిన్నీ,

మురుగునీటి ప్లాంటులో ఉద్యోగం వచ్చిందని ఫోన్‌లో మెల్లగా చెప్పావు. నేనైతే ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. ఇరవై ఏళ్లు నాకు అన్నం పెట్టిన పని అది.

చేరగానే బ్లోయర్ల దగ్గర కాసేపు నిలబడు. ప్లాంటు వాడే కరెంటులో దాదాపు సగం నీటిలోకి గాలి పంపడానికే పోతుంది. ఆ గాలి పీల్చి పెరిగిన సూక్ష్మజీవులే చివరికి బురదలో చేరతాయి. అంత ఖర్చుపెట్టి పెంచిన బురదను లారీకెత్తి పంపేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అదే బురదను డైజెస్టర్ అనే గాలి చొరబడని ట్యాంకులో 35 నుంచి 37 డిగ్రీల వేడిలో ఓ 20 రోజులు ఉంచితే, వేరే రకం సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాస్ ఇస్తాయి. అందులో 60 శాతానికి పైగా మండే మీథేనే. ఒక ఘనపు మీటరు గ్యాస్‌ను ఇంజన్‌కిస్తే రెండు యూనిట్ల కరెంటు వస్తుంది. ఇంజన్ వేడితోనే డైజెస్టర్‌ను వెచ్చగా ఉంచుకోవచ్చు.

ఆస్ట్రియాలోని స్ట్రాస్ ప్లాంటు 2005 నుంచే తన కరెంటు తానే తయారు చేసుకుంటోంది. అమెరికాలో ఓక్లాండ్ ప్లాంటు 2012లో తన అవసరాన్ని మించిపోయింది. అయితే వాళ్లు బయటి నుంచి ఆహార వ్యర్థాలు కూడా తెచ్చి డైజెస్టర్‌లో వేస్తారు. ఒట్టి బురదతో చాలా ప్లాంట్లకు సగం కరెంటు వచ్చినా గొప్పే.

ఒక తప్పు చెబుతాను, నువ్వు చేయకు. ఓసారి సెలవుల తర్వాత పేరుకుపోయిన బురదంతా ఒక్కరోజే డైజెస్టర్‌లోకి పంపించాను. ఆమ్లాలు తయారుచేసే జీవులు చురుకు, ఆ ఆమ్లాలను తిని మీథేన్ ఇచ్చేవి నిదానం. ఆమ్లం పేరుకుని, నురగ పొంగి, గ్యాస్ పడిపోయింది. మళ్లీ దారికి రావడానికి వారాలు పట్టింది. పసిపిల్లకు పెట్టినట్టు కొంచెం కొంచెంగా, రోజూ ఒకే వేళకు పెట్టాలి. పీహెచ్ ఒక్కటే చూసి ధైర్యపడకు. అది పడిపోయేసరికే ఆలస్యమైపోతుంది. ఆమ్లానికీ, దాన్ని తట్టుకునే క్షారతకూ నిష్పత్తి చూస్తుండు.

గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఇంజన్‌ను తినేస్తుంది. మనుషులకు అంతకంటే ప్రమాదం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గ్యాస్ డిటెక్టర్ లేకుండా, పైన మనిషి లేకుండా ఏ గుంతలోకీ దిగకు. పై అధికారి తొందరపెట్టినా సరే, దిగకు తల్లీ.

మొదటి వారం గ్యాస్ రీడింగులు రాసి పంపు. మిగులు గ్యాస్‌ను కాల్చేసే గొట్టం, అదే ఫ్లేర్‌లో, ఊరికే ఎంత మండిపోతోందో కూడా రాయి. ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

మీ నాన్న