ట్రింకోమలీ ఎందుకు ఆలస్యం, కర్ర ఎందుకు మార్చాం

మా ట్రింకోమలీ ఓడ నమూనా బుక్ చేసుకున్నవాళ్లకి సూటిగా చెప్పేస్తాను. దసరాకి ఇస్తామన్న ఓడలు దసరాకి రావు, సంక్రాంతికి వస్తాయి. వచ్చేవి కూడా పియర్‌వుడ్ (పియర్ పండ్ల చెట్టు కర్ర) పలకలతో కాదు, అంకుడు కర్రతో. అవునండీ, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే. ఇది వినగానే కొందరి మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు, ఎందుకంటే ఇప్పటికే కొంతమందికి ఫోన్లో చెప్తే అవతల కాసేపు చప్పుడు లేదు. అందుకే విడివిడిగా చెప్పడం మానేసి మొత్తం ఇక్కడ రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. విశాఖపట్నంలో మాది చిన్న వర్క్‌షాప్, పాతకాలపు తెరచాప యుద్ధనౌకల నమూనాలు చెక్కతో చేస్తాం. మా దగ్గర ఎక్కువగా అడిగేది ట్రింకోమలీ. బొంబాయి డాక్‌యార్డ్‌లో జంషెట్జీ బొమన్‌జీ వాడియా మలబార్ టేకుతో కట్టించిన బ్రిటిష్ ఫ్రిగేట్ అది, అంటే ఒక రకం తెరచాప యుద్ధనౌక, 1817 అక్టోబర్ 12న నీళ్లలోకి దించారు, ఇప్పటికీ ఇంగ్లాండ్‌లో హార్ట్‌ల్‌పూల్ అనే ఊళ్లో తేలుతూనే ఉంది. అసలు ఓడలో ఫిరంగుల డెక్ పొడవు సుమారు 150 అడుగులు. మేము 64వ వంతుకి చేస్తాం కాబట్టి అది 28 అంగుళాలు అవుతుంది.

ఇక జరిగింది. మాకు పియర్‌వుడ్ ఇచ్చే వ్యాపారి వేరే రాష్ట్రంలో ఉంటాడు, పేరు చెప్పను, అనవసరం. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొన్నాం, అడ్వాన్స్ ముందే పంపేవాళ్లం, సరుకు తక్కువొచ్చినా గొడవ పెట్టుకోలేదు. ఈసారి వచ్చిన బండిల్ పైకి బాగానే ఉంది. పియర్‌వుడ్‌ని ఆవిరి పడితే వచ్చే లేత గులాబీ రంగే ఉంది, బరువూ ఇంచుమించు అంతే. పలకలుగా కోసి సాన పట్టాక మావాడు దీపం కిందకి తెచ్చి చూపించాడు, ఒంటి నిండా సన్నటి ముదురు గీతలు. రేడియల్‌గా, అంటే దుంగ నడిమి నుంచి అంచు వైపుకి కోసిన ముక్కల మీదైతే అవే గీతలు వెడల్పై మెరుస్తున్నాయి. అది పియర్ కాదు, బీచ్ అనే వేరే చెట్టు కర్ర. బీచ్‌ని ఆవిరి పట్టినా అదే గులాబీ రంగు వస్తుంది, కోయని దుంగ మీద తేడా పట్టడం కష్టం, కోశాక దాచడం ఎవరి వల్లా కాదు.

ఫోన్ చేశాను. మొదట "మీకు తెలియదు, కొత్త లాట్ అలాగే ఉంటుంది" అన్నాడు. ఫోటోలు పంపాక "రెండూ ఇంపోర్టెడ్ కర్రలే కదా" అన్నాడు. మూడోసారి అన్న మాట మాత్రం నాకింకా మింగుడు పడట్లేదు: "రంగు వేసేస్తే ఎవడు చూస్తాడు సార్, షోకేసులో పెట్టుకునేదేగా." ఆయనకి నేను ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నానో కూడా తెలియదన్నమాట. మేము పలకల మీద రంగు వేయం. అడుగున రాగి రేకులు, పైన నల్ల పట్టీలు, మిగతాదంతా కర్ర కర్రలాగే కనిపించాలి, మీరు డబ్బులిచ్చేది దానికే. అడ్వాన్స్ వెనక్కి అడిగితే "సరుకు తిప్పి పంపండి, చూద్దాం" అంటున్నాడు, రవాణా ఖర్చు మళ్లీ మనదే. ఆ డబ్బు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు, దాని కోసం మీలో ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోను. ఆయనతో లావాదేవీ మాత్రం అయిపోయింది. రేపు అసలైన పియర్ ఉచితంగా పంపినా నా గుమ్మం దాటదు. పంతం అంటారా, పంతమే.

బీచ్‌తోనే కట్టేస్తే ఏం పోయింది అని మా ఇంట్లోవాళ్లే అడిగారు. రెండు పోతాయి. ఒకటి, ఆ గీతలు. కర్ర మీద 3 మిల్లీమీటర్ల గీత అంటే, ఈ కొలతలో అసలు ఓడ మీద 19 సెంటీమీటర్ల మచ్చ, పలక పలకకీ అలాంటివి వందలు. రెండోది, బీచ్‌కి గాలిలో తేమ పెరిగితే ఉబ్బడం, తగ్గితే కుంచించుకుపోవడం చాలా ఎక్కువ. విశాఖ తేమలో అతికించిన ఓడ హైదరాబాద్ ఏసీ గదిలోకో, చలికాలంలో హీటర్ నడిచే అమెరికా ఇంట్లోకో వెళ్తే పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. అప్పుడు మీరు తిట్టేది ఆ వ్యాపారిని కాదు, నన్ను.

చాలామంది చెప్పిన సలహా టేకు. "అసలు ఓడే టేకు కదండీ, నమూనా కూడా టేకుతోనే చేసేయండి, పైగా మన దేశపు కర్ర" అని. వినడానికి ఎంత బాగుందో! నేవీలో చేసి రిటైరైన సార్లు ఇద్దరు ఈ విషయంలో నాతో దాదాపు పోట్లాడారు. టేకు గొప్పదనం గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లాండ్‌లో ఓడలకి వాడిన ఓక్ కర్రలో ఉండే ఆమ్లం ఇనుప మేకుల్ని తినేస్తుంది, టేకులో నూనె వాటిని కాపాడుతుంది, ట్రింకోమలీ రెండు వందల ఏళ్లు దాటి నిలబడిందంటే ఆ నూనె చలవ కూడా ఉంది. అదే వాడియా గారు కట్టిన కార్న్‌వాలిస్ అనే ఓడ మీదే 1842లో చైనాతో నాన్‌కింగ్ ఒప్పందం సంతకమైంది. ఇదంతా అసలు కొలతలో ఉన్న ఓడల సంగతి. చిన్న ఓడకి టేకు పనికిరాదు. టేకు పలకని దగ్గరగా చూడండి, సన్నటి రంధ్రాలు గీతలుగా కనిపిస్తాయి. ఒక్కో రంధ్రం పావు మిల్లీమీటరు అనుకున్నా 64 రెట్లు చేస్తే 16 మిల్లీమీటర్లు. అంటే వేలు దూరేంత కన్నాలున్న పలకలతో యుద్ధనౌక కట్టినట్టు. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి వేసుకున్న చారల్ని మనం 64వ వంతుకి కుదించలేం కదా, అందుకే చిన్న ఓడకి అతి సన్నని పోగున్న, చార కనిపించని కర్ర కావాలి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఇంగ్లాండ్‌లో యుద్ధనౌకల పని చూసే నేవీ బోర్డు చేయించుకున్న నమూనాలు ఎక్కువగా పియర్‌తో, బాక్స్‌వుడ్ అనే సన్నపోగు కర్రతోనే చేశారు, అసలు ఓడలేమో ఓక్. వాళ్లకీ ఈ లెక్క తెలుసు.

సరే, టేకు కాదు, బీచ్ కాదు, పియర్ లేదు. అప్పుడు అంకుడు. ఇది చటుక్కున తీసుకున్న నిర్ణయం కాదు. నిజం చెప్పాలంటే దీని మీద నాకు నిద్ర పట్టలేదు, ఇంట్లో అందరి మీదా అరిచాను. కర్ర గురించి భయం కాదు. కర్ర మంచిదని నాకు ముందే తెలుసు, చిన్న చిన్న చెక్కడాలకి ఎప్పటి నుంచో వాడుతున్నాను, ట్రింకోమలీ ముందు కొసన ఉండే తలపాగా మనిషి బొమ్మని అంకుడుతోనే చెక్కుతాం, మీలో చాలామంది ఆ బొమ్మని మెచ్చుకున్నవాళ్లే. భయమల్లా పేరు గురించి. ఫారిన్ కర్ర అంటే ఒక ధర, ఒక మర్యాద. ఏటికొప్పాక కర్ర అంటే "ఓహో, బొమ్మల కర్రా" అంటారు. అన్నారు కూడా. మా దగ్గర ముందు రెండు ఓడలు కొన్న ఒకాయన వాట్సాప్‌లో "చివరికి లక్కపిడతల స్థాయికి వచ్చారా" అని పెట్టారు. నవ్వే బొమ్మ కూడా పెట్టారు. సార్, మీరు ఇది చదువుతారని తెలుసు. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో లేత కొయ్యని తిప్పుతూ, లక్క ఎక్కించి, ఎక్కడా అతుకు కనిపించని బరిణెలు చేసే పనివాళ్ల చేతి నేర్పు ముందు నాదెంత? 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు.

ఇంకో మాట. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఇంగ్లాండ్‌లో ఖైదీలుగా ఉన్న ఫ్రెంచివాళ్లు, పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ జైల్లో, వంటింట్లో మిగిలిన ఎముకలు శుభ్రం చేసి వాటితో ఓడలు కట్టి సంతలో అమ్ముకున్నారు. అవి ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. ఎముక స్థాయి ఏమిటని వాళ్లని ఎవరూ అడగలేదు.

అంకుడు ఎలా ఉంటుందంటే, తెల్లగా, కాస్త మీగడ రంగులో, పోగు సన్నగా, కత్తికి తేలిగ్గా లొంగుతుంది. తడిపి వేడి ఇనుము మీద వంచితే అణియం (ఓడ ముందు కొస) దగ్గర గుండ్రటి వంపుకి కూడా విరగకుండా వెళ్తోంది. ఇబ్బందులు లేవా, ఉన్నాయి. కొమ్మలు సన్నం, పెద్ద పలకలు రావు. కానీ అసలు ఓడలోనూ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే పలక ఉండదు కదండీ. 24 అడుగుల పలక మన కొలతలో నాలుగున్నర అంగుళాలే, 10 అంగుళాల వెడల్పు అంటే 4 మిల్లీమీటర్లు. పియర్‌తో కూడా మేము అలాగే ముక్కలు ముక్కలుగా, అతుకులు వరుసకి వరుసకి జరుపుతూ వేసేవాళ్లం. తూర్పుతీరపు పడవల వడ్రంగిని ఎవరిని అడిగినా చెప్తారు, అతుకు పక్కనే అతుకు పెట్టకూడదని. కాబట్టి కర్ర చిన్నదైతే మాకు పోయేదేమీ లేదు.

అసలు ఇబ్బంది ఎండబెట్టడం. తెల్ల కర్ర, తేమతో మూత పెడితే నీలంగా, బూడిదగా మచ్చలు పడుతుంది, వానాకాలంలో మరీనూ. తొందరపెడితే బీటలు. ఇప్పుడు తెచ్చింది బెరడు తీసి నీడలో పేర్చాం, ఫ్యాన్ తిరుగుతోంది, తేమ మీటర్ పెట్టి చూస్తున్నాం. దసరా దాటి సంక్రాంతి అంటున్నది ఇందుకే, బద్ధకం వల్ల కాదు. మీలో ఒకరన్నట్టు "ఇంకో రెండు వారాలు లాగితే సరిపోదా" అంటే సరిపోదు. ఆ మాటకొస్తే అసలు ట్రింకోమలీయే ఆలస్యంగా పుట్టింది. 1812లో ఆర్డర్ ఇచ్చి నక్షాలు జావా అనే ఓడలో బొంబాయికి పంపితే, అదే డిసెంబర్ 29న బ్రెజిల్ తీరంలో అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక దాన్ని కొట్టేసి తర్వాత తగలబెట్టింది. నక్షాలు మళ్లీ పంపాల్సొచ్చింది, కట్టడం మొదలయ్యేసరికి 1816. నేను అడుగుతున్నది మూడు నెలలు.

ఇక మీ ఓడ సంగతి. రాగి రేకులు మారవు, అసలు రేకు 4 అడుగుల పొడవు 14 అంగుళాల వెడల్పు, మనది 19 మిల్లీమీటర్ల పొడవు, ఒక్కొక్కటిగానే అతికిస్తాం. 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగుల నమూనాలు ఇత్తడివే. తాళ్లు మేమే పేనుతాం, ఎప్పటిలాగే. పైన పూత లక్క నుంచి తీసిన షెల్లాక్, అదీ మారలేదు. కర్ర రంగు పియర్ కంటే తెలుపు, ఏళ్లు గడిచే కొద్దీ కొంచెం తేనె రంగుకి తిరుగుతుంది, ముందు కొన్న ఓడ పక్కన పెడితే తేడా కనిపిస్తుంది, ఇది ముందే చెప్తున్నాను. టేకు కోసం పోట్లాడిన సార్లకి ఒక మాట, స్టాండు మాత్రం పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలతో చేయిస్తున్నాను, ఆ పాటి గౌరవం ఆ కర్రకి ఉండాల్సిందే. పలకలకి మాత్రం అడగొద్దు, చేయను.

కర్ర పేరు విన్నాక వద్దనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాను, కోత లేదు, ఎందుకు వద్దని అడగను కూడా. మనసులో బాధపడతాను, అది నా గొడవ. ధర మాత్రం తగ్గదు. అంకుడు చవక కదా అని ఇప్పటికే ఒకరిద్దరు అడిగారు. ఓడలో కర్ర ఖరీదు ఎప్పుడూ చిన్న భాగమే, మిగతాదంతా చేతిపని, అంకుడుకి ఆ పని ఎక్కువే పడుతోంది.

1804లో మన విశాఖ సముద్రంలోనే ఫ్రెంచివాళ్ల యుద్ధనౌక మరెంగోకి ఎదురు నిలిచిన బ్రిటిష్ ఓడ సెంచూరియన్ నమూనా కావాలని అడిగినవాళ్లు కాస్త ఆగాలి, ట్రింకోమలీలు పూర్తయ్యేదాకా కొత్త ఓడ మొదలుపెట్టను. అదీ అంకుడుతోనే.

నమ్మకం కుదరనివాళ్లు చిరునామా పెట్టండి, షెల్లాక్ వేసిన పలకల ముక్క ఒకటి, దాని పక్కన అతికించిన బీచ్ ముక్క ఒకటి పంపుతాను, ఎండలో పెట్టి చూసుకోండి. ఈ నెలాఖరులోగా మీ ఆర్డర్ ఉంచాలా తీసేయాలా చెప్తే చాలు. ఉదయం పూట ఫోన్ చేయొద్దండీ, రంపం నడుస్తూ ఉంటుంది, వినపడదు. వాట్సాప్ పెట్టండి, సాయంత్రం నేనే చేస్తాను.