షరతు లేని పరిచర్య

సంపాదకుడు గారికి,

క్రైస్తవ విశ్వాసాన్ని బహిరంగంగా చాటుకోవడం గురించి మీ లేఖల శీర్షికలో సాగుతున్న వాదోపవాదాలను శ్రద్ధగా చదువుతున్నాను. విశ్వాసులు మరింత గట్టిగా గొంతెత్తాలని కొందరు, మతం ఇంటి గడప దాటకూడదని మరికొందరు రాస్తున్నారు. క్రైస్తవ సంఘ సభ్యుడిగా నాకు ఈ రెండు వాదనల్లోనూ అసలు సంగతి పక్కకు పోయినట్టు అనిపిస్తోంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన లెక్కకు వచ్చేది ఆకలిగొన్నవారికి, పరదేశులకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి మనం ఏం చేశామన్నదే. విశ్వాసి ధైర్యం ఎంతటిదో తెలియాలంటే అతడు ఎవరి పక్కన నిలబడుతున్నాడో, అందుకు బదులుగా ఏమైనా ఆశిస్తున్నాడో చూడాలి.

దీనికి చరిత్రలో దొరికే పాత సాక్ష్యాల్లో ఒకటి ప్రత్యర్థి రాసినదే. క్రైస్తవ్యాన్ని విడిచి పాత దేవతారాధనను మళ్లీ నిలబెట్టాలని పూనుకున్న రోమా చక్రవర్తి జూలియన్, క్రీ.శ. 362లో గలతియ ప్రాంతపు ప్రధాన పూజారికి ఒక లేఖ రాశాడు. ఆ గలిలయులు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ పేదలతో పాటు మన పేదలను కూడా పోషిస్తుంటే, మనవాళ్లకు మన నుంచి సాయం అందకపోవడం సిగ్గుచేటని అందులో వాపోయాడు. ఆయన పట్టించుకున్నది వారి సిద్ధాంత చర్చలను కాదు, ఎవరి పేదలన్న తేడా చూడని ఆ పోషణను.

ఇటీవలి కాలానికి వస్తే, ఫ్రాన్స్ కొండప్రాంతంలోని లె షాంబో అనే ఊరి కథ ఇంకొంచెం వివరంగా చెప్పుకోదగినది. 1940 జూన్ 22న ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధ విరమణ ఒప్పందం చేసుకుంది. మర్నాడు ఆదివారం ఆరాధనలో అక్కడి పాస్టరు ఆంద్రే ట్రోక్మే, ఆయన సహచరుడు ఎడ్వార్డ్ థైస్, మనస్సాక్షికి విరుద్ధమైన ఆజ్ఞలను ఆత్మసంబంధమైన ఆయుధాలతో ఎదిరించాలని సంఘానికి బోధించారు. ఆ బోధ గుడి నాలుగు గోడల మధ్య ఆగిపోలేదు. ఆ సంవత్సరం డిసెంబరు నుంచి 1944 సెప్టెంబరు వరకు ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి సుమారు 5,000 మందికి ఆశ్రయమిచ్చాయని అంచనా. వారిలో 3,000 మందికి పైగా నాజీల బారి నుంచి తప్పించుకుంటున్న యూదులు. రైతులు తమ పొలాల్లోని ఇళ్లలో దాచారు, దొంగ గుర్తింపు కార్డులు, రేషను కార్డులు తయారుచేసి ఇచ్చారు, పిల్లలను బడిలో చేర్చుకున్నారు. పాస్టరుగారి బంధువు, పిల్లల వసతిగృహాన్ని నడిపిన డానియెల్ ట్రోక్మే, 1943లో విద్యార్థులతో పాటు అరెస్టయి మరుసటి సంవత్సరం మైదానెక్ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు వదిలాడు. మాట్లాడటం కావాలా, చేయడం కావాలా అని వాదించుకునేవారు ఒక్కసారి ఆ ఊరివైపు చూడాలి. ప్రసంగం ముందు వచ్చింది, దానికి తగ్గట్టు తలుపులు తెరుచుకున్నాయి.

సేవ పేరుతో మతం మార్పిస్తారన్న అనుమానాన్ని కోపంతో కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి ముందు సాయాన్ని ఉంచి, దానికి బదులుగా విశ్వాసాన్ని అడగడం ఎక్కడ జరిగినా అది సువార్తకే అవమానం. యేసు చెప్పిన ఉపమానంలోని సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి చేర్చాడు, రెండు దేనారాలు (రోమా వెండి నాణేలు) చెల్లించి ఇంకేమైనా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో ఇస్తానన్నాడు. ఆ మనిషి ఎవరు, దేన్ని నమ్ముతాడు అన్న విచారణ ఆ కథలో ఎక్కడా లేదు. అలాగని విశ్వాసాన్ని దాచుకోమని నేననడం లేదు. మీ నిరీక్షణకు, అంటే మీలోని ఆశాభావానికి, కారణమేమిటని అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. అడిగినవారికి అన్నది, సాత్వికంతో అన్నది, రెండూ మనం మరిచిపోకూడనివే.

మనలో చాలామందికి సేవ అంటే ఏడాదికో పూట జరిగే పంపిణీ, దాని ముందు ఒక బ్యానరు, ఆ తర్వాత ఫోటోలు. పుచ్చుకుంటున్న మనిషి తల వంచుకుని నిలబడి ఉంటే ఇచ్చేవారు కెమెరా వైపు చూసి నవ్వుతున్న ఆ ఫోటోలను నేను భరించలేను. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాట వాటిని చూస్తే ఎవరికైనా గుర్తుకు రావాలి. హవాయి దీవుల్లోని మొలొకైలో కుష్ఠరోగులను వెలివేసిన చోటికి 1873లో వెళ్లిన ఫాదర్ డామియన్ పుండ్లు కడిగి కట్లు కట్టాడు, ఇళ్లు కట్టాడు, చనిపోయినవారికి శవపేటికలు చేశాడు, చివరికి అదే వ్యాధితో 1889లో అక్కడే మరణించాడు. అందరూ అంతదూరం వెళ్లలేరు, నిజమే. కానీ మతిమరుపు వ్యాధితో ఉన్న తల్లిని రాత్రింబవళ్లు చూసుకునే కూతురికి వారానికో మధ్యాహ్నం తీరిక కల్పించడానికి, ఆసుపత్రిలో తోడెవరూ లేని రోగి పక్కన ఒక రాత్రి కూర్చోవడానికి దూరం పోనవసరం లేదు. అన్నిటికంటే కష్టమైనది జైలు నుంచి విడుదలైనవాడికి ఇల్లు అద్దెకు దొరికేలా హామీగా నిలబడటం, ఎందుకంటే అక్కడ మన పరువు కూడా పణంగా పెట్టాలి. మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటవన్న సామెత మన సంఘాలకు వర్తించేది సరిగ్గా ఇలాంటి చోట్లే.

అందుచేత మీ పత్రిక ద్వారా సంఘ పెద్దలకు ఒక విన్నపం. ఈసారి వార్షిక లెక్కలు చదివేటప్పుడు, వచ్చిన కానుకల్లో సంఘానికి చెందనివారి కోసం ఎంత ఖర్చయిందో విడిగా ఒక పద్దు చూపించండి. సాయం పొందడానికి ఆరాధనకు రావడం గానీ, పేరు నమోదు చేసుకోవడం గానీ అవసరం లేదన్న నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తీసుకుని గుడి ద్వారం దగ్గర అంటించండి. సాయం పుచ్చుకున్నవారి ఫోటోలు తీయడం ఆపండి. మనమీద అనుమానం ఉన్నవారు వచ్చి లెక్కలు చూస్తామంటే పుస్తకాలు వారి ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు