పాముకాటుకు మొదటి మోతాదు పీహెచ్‌సీలోనే పడాలి

సంపాదకులకు,

చెనిక్కాయలు పీకే రోజులు, చెరకు కొట్టే రోజులు వస్తే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పాముకాటు కేసులు పెరుగుతాయి. ఆసుపత్రుల్లో మందుందా లేదా అని అందరం అడుగుతాం. అడగాల్సిందే. మందు ఫ్రిజ్‌లో పెట్టుకుని కూడా ఎక్కించకుండా ‘రుయాకు (తిరుపతిలోని పెద్ద ప్రభుత్వాసుపత్రికి) తీసుకెళ్లండి’ అని చీటీ రాసిచ్చే అలవాటు మాత్రం చర్చకే రాదు. భాకరాపేట ఘాటు దిగి తిరుపతికో, మొగిలి ఘాటు దిగి చిత్తూరుకో చేరేలోపు విషం ఆగి కూర్చోదు. రక్తంలో తిరుగుతున్న విషాన్నే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పట్టగలదు. కిడ్నీకి జరిగిపోయిన నష్టాన్ని అది తిప్పలేదు.

ఆ మందు పీహెచ్‌సీలోనే మొదలుపెట్టాలా వద్దా తేల్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. చేతి సిర నుంచి 2 మి.లీ. రక్తం తీసి, కొత్తదైన పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే రక్తపింజరి లేదా చిన్నపింజరి విషం ఎక్కినట్టే. ఇంత చిన్న పరీక్షనూ చెడగొట్టుకుంటున్నాం. ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ ట్యూబులే కదా! ప్లాస్టిక్‌లో గాని, సబ్బుతో కడిగిన గాజులో గాని మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు. ఊదారంగు మూత ట్యూబులో అయితే తెల్లారేదాకా పెట్టినా కట్టదు, గడ్డకట్టకుండా ఆపే మందు అందులో ముందే ఉంటుంది. పదో నిమిషంలో ఆత్రంగా ఊపి చూసేవాళ్లు మరికొందరు. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి పంపడం ఇంకో పొరపాటు. మొదటి మూడు గంటలు గంటకోసారి, ఆపైన 24 గంటలయ్యేదాకా ఆరు గంటలకోసారి మళ్లీ చూడాలి.

కట్లపాము విషయంలో ఈ ట్యూబు ఏమీ చెప్పదు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. కాటు గుర్తు కనపడదు, వాపు ఉండదు. గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపేస్తారు. అలా వచ్చినవాణ్ణి పైకి చూడమని రెప్పలు వాలుతున్నాయేమో గమనించాలి. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడతాడో, దిండు మీంచి తల ఎత్తగలడో లేదో చూడాలి. రెప్పలు వాలితే యాంటీవెనమ్ మొదలుపెట్టాల్సిందే. నాగుపామైతే అట్రోపిన్ 0.6, నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. కలిపి ఇస్తే చాలామందిలో రెప్పలు లేస్తాయి. కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది కాబట్టి అక్కడ ఇది పెద్దగా పనిచేయదు, ఊపిరి మనమే అందించాలి. బాగా చచ్చుబడినప్పుడు కంటిపాప వెలుతురుకు కూడా కదలదు, చూసేవాళ్లకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. ఆ మనిషికి మన మాటలన్నీ వినపడుతుండొచ్చు. వెంటిలేటర్ దొరికేదాకా అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూనే ఉండాలి.

ఇక అసలు భయం యాంటీవెనమ్ పడక వచ్చే రియాక్షన్. రాత్రిపూట ఒక్క స్టాఫ్ నర్సుతో ఉన్న కుర్ర డాక్టరు జంకడంలో తప్పు లేదు, చీటీ రాస్తే తనమీదికి మాట రాదు మరి. అయితే ఆ భయానికి మందు అదే ట్రేలో ఉంటుంది. డ్రిప్ పెట్టకముందే అడ్రినలిన్ సిరంజిలోకి లాగి ఉంచుకోవాలి. దురద, దద్దుర్లు, దగ్గు, వాంతి ఏది కనపడినా డ్రిప్ ఆపి, పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా. తొడ కండలో ఇవ్వాలి. తగ్గాక మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. చర్మం మీద టెస్ట్ డోస్ ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేదు, దానితో టైం దండగ. యాంటీవెనమ్ మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). ఒక్కో వయల్‌ను 10 మి.లీ. నీటిలో కరిగించి (కుదిపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి), సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటలోపు ఎక్కించాలి. పిల్లలకూ అదే 10. పిల్లవాడని పాము విషం తగ్గించి కాటేయదు కదా!

రెఫర్ చేయొద్దని కాదు. మూత్రం తగ్గినా, ఊపిరి తడబడినా, రక్తస్రావం ఆగకపోయినా డయాలసిస్, వెంటిలేటర్ ఉన్నచోటికి 108లో పంపాల్సిందే. డ్రిప్ నడుస్తుండగానే పంపొచ్చు. కానీ చీటీలో ‘తదుపరి చికిత్స నిమిత్తం’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే అవతలి డాక్టరు ఏం చేయాలి? మొదటి మోతాదు పడ్డ ఆరు గంటలకు రక్తం మళ్లీ పరీక్షించి, అప్పటికీ గడ్డకట్టకపోతేనే ఇంకో మోతాదు. గడ్డకట్టే పదార్థాలను కాలేయం తిరిగి తయారుచేయడానికి ఆమాత్రం సమయం పడుతుంది. టైం తెలియకపోతే అనవసరంగా ఇంకో 10 వయల్స్ పోస్తారు, లేదా అవసరమైన 10 ఆలస్యం చేస్తారు. కాటుపడిన టైం, ట్యూబు ఫలితం, ఎన్ని వయల్స్, ఎప్పుడు మొదలు, రియాక్షన్ వచ్చిందా? చీటీలో ఈ ఐదూ ఉండాలి.

ఉమ్మడి చిత్తూరు పరిధిలోని జిల్లాల వైద్యారోగ్య అధికారులు ప్రతి పీహెచ్‌సీకి ఒక డబ్బా కొత్త గాజు ట్యూబులు, ఈ ఐదు గడులతో అచ్చువేసిన చీటీల పుస్తకం ఇప్పించాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక తెచ్చింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడమని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. ఆ నమోదు పట్టికలో ఇంకొక్క గడి కలపమని మనవి: ‘రెఫర్ చేసేముందు మొదటి 10 వయల్స్ మొదలయ్యాయా? కాకపోతే ఎందుకు?’

— అత్యవసర విభాగం వైద్యుడు, తిరుపతి