ఆలస్యంగా లేచిన నారును పీకేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ పార్కులో కనకాంబరం గింజలు చల్లిన మడిని, మొలకలు రాలేదని మొన్న తవ్వేసి గడ్డి పరిచారు. తిరగేసిన మట్టిలో రెండాకుల మొలకలు కనబడితే ప్రాణం ఉసూరుమంది. కనకాంబరం బంతిలాగా వారంలో లేచేది కాదు. మూడు నాలుగు వారాలు పడుతుంది, అదీ అన్నీ ఒకేసారి రావు. బాగా ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే చాలు, టప్పున పగిలి గింజలు దూరంగా చిమ్ముతాయి. అందుకే గట్టు పక్కన, రాళ్ల సందుల్లో కూడా నారు లేస్తుంది. కలుపనుకుని పీకేసేది ఎక్కువగా అక్కడే.

మన తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ. ఆ తడికి లేచిన నారు చలికాలంలో పెద్దగా ఎదగదు గానీ, నీళ్లు నిలవకపోతే బతుకుతుంది. నిలిస్తే మాత్రం మొదలు కుళ్లుతుంది. ఏళ్ల తరబడి పూసే మొక్కకు ఒక నెల ఆలస్యమైతే నష్టమేంటి? నాలుగాకులు వచ్చాక సాయంత్రం పూట వేరుమట్టితో సహా తీసి నాటుకోవచ్చు.

కనీసం సంక్రాంతి దాకా పూలమడులు తవ్వొద్దని అధికారులు కాంట్రాక్టర్లకు చెప్పాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి